కార్డు వెనక రాత

లైబ్రరీ కేటలాగ్ కార్డు చూడనివాళ్ళే ఇప్పుడు ఎక్కువ కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు, పెళ్ళి శుభలేఖ పాటి మందం. కింద మధ్యలో ఒక చిల్లు. సొరుగులోంచి కార్డుని ఎవరూ లాగేయకుండా ఆ చిల్లులోంచి ఒక ఇనప కడ్డీ వెళుతుంది. ప్రతి పుస్తకానికీ ఒక ప్రధాన కార్డు. అది కాక రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, అనువాదం అయితే అనువాదకుడి పేరుతో ఒకటి, విషయాన్ని బట్టి ఇంకో రెండు. పాఠకుడు ఏ దారిన వచ్చినా పుస్తకం దొరకాలని ఐదారు కార్డులు వేర్వేరు సొరుగుల్లో కాచుకుని ఉండేవి.

పాఠకుడికి కనపడనిది ఆ ప్రధాన కార్డు వెనక వైపు. ఈ పుస్తకానికి ఇంకా ఏయే కార్డులు రాశామో, అవి ఎక్కడెక్కడ పెట్టామో అక్కడ చిన్న అక్షరాలతో రాసి ఉంచేవాళ్ళం. దాన్ని ట్రేసింగ్ అంటారు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కేటలాగ్ నియమావళి చదువుకున్న ప్రతి లైబ్రేరియన్‌కీ అది వేళ్ళకి అలవాటైన పని. పుస్తకాన్ని చెదలు తినేస్తే, లేదా ఎవరో తీసుకెళ్ళి తిరిగి ఇవ్వకపోతే, దాన్ని రిజిస్టరులో కొట్టేయాలి. కొట్టేసినంత మాత్రాన సరిపోదు. కార్డు తిప్పి వెనక రాత చూసుకుని, అన్ని సొరుగుల్లోంచీ అన్ని కార్డులూ ఏరి తీసేయాలి. ఒక్కటి మర్చిపోయినా లేని పుస్తకానికి కార్డు మిగిలిపోతుంది. ఎవరో పిల్లవాడు దాని మీది నంబరు చీటీ మీద రాసుకుని, అరలన్నీ వెతికి వెతికి, ఉత్త చేతులతో కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడతాడు. 31 ఏళ్ళు డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. అలా వచ్చిన పిల్లవాడి మొహం చూడటానికి నాకు మనసొప్పేది కాదు. పుస్తకం పోవడం ఎవరి తప్పైనా కావచ్చు. కార్డు మిగలడం మాత్రం నా తప్పు.

1998లో మా పాత విద్యార్థి ఒకతను నారాయణగూడలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ఆరు కంప్యూటర్లు, చెక్క పార్టిషన్లు, గంటకి 60 రూపాయలు. "ఒక్కసారి వచ్చి చూడండి మేడం, మీ లైబ్రరీ అంతా ఇందులో పట్టేస్తుంది" అంటూ నెల రోజులు వెంటపడ్డాడు. వెళ్ళాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను పక్కన నిలబడ్డాడు. మోడెం కీచుమని, గురగురమని, కాసేపటికి ఊరుకుంది. ఏం చూస్తారని అడిగితే తెలుగు చూపించమన్నాను. తెలుగు పద్యాలు అని ఇంగ్లీషులో రాసి, కింద గీత ఉన్న నీలం అక్షరాలు కనిపించాయి. వాటి మీద నొక్కాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తెల్లటి తెర మీద ఒక అంకె, రెండు మాటలు. 404, నాట్ ఫౌండ్.

"ఆ పేజీ పోయినట్టుంది మేడం. మామూలే" అన్నాడు.

"పేజీ పోతే మరి దీన్నెందుకు ఉంచారు?" అన్నాను, నీలం అక్షరాలు చూపించి.

"పెట్టినవాళ్ళకి తెలియదు కదా మేడం, అది పోయిందని. వాళ్ళు వేరు, వీళ్ళు వేరు."

ఆ జవాబు నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. అంటే ఇక్కడ కార్డు వెనక ఏమీ రాయరన్నమాట. ప్రపంచంలోకెల్లా పెద్ద కేటలాగు కట్టి, దానికి ట్రేసింగ్ పెట్టడం మర్చిపోయారా? నిజంగానే నాకు కోపం వచ్చింది. మర్చిపోలేదనీ, తెలిసే వదిలేశారనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. అలా వదిలేయడం వల్లే అది బతికిందని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

చిత్రమేమిటంటే, సమాచారం పోతోందన్న దిగులులోంచే వెబ్ పుట్టింది. జెనీవా పక్కన, స్విట్జర్లాండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య సరిహద్దుకి అటూ ఇటూ పరుచుకుని ఉన్న సెర్న్ పరిశోధన సంస్థలో వేలమంది పనిచేస్తారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు, రెండేళ్ళుంటారు, వెళ్ళిపోతారు. ఈ ప్రోగ్రాం రాసిందెవరు, ఈ భాగాన్ని ఇంకెక్కడ వాడుతున్నారు, దీనికి సంబంధించిన కాగితాలు ఎవరి దగ్గరున్నాయి అన్న ప్రశ్నలకి జవాబులు కూడా వాళ్ళతో పాటే విమానం ఎక్కేసేవి. అక్కడ పనిచేసే టిమ్ బర్నర్స్-లీ 1989 మార్చిలో పై అధికారులకి ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. అందులో మొదటి బాధ ఇదే. మనుషులు మారుతున్నకొద్దీ సమాచారం పోతోందని. అతని పై అధికారి మైక్ సెండాల్ ఆ కాగితాల అట్ట మీద, అస్పష్టంగా ఉంది కానీ ఉత్సాహంగా ఉంది అనే అర్థం వచ్చేటట్టు రాసుకున్నాడు. అనుమతి ఇస్తున్నానని రాయలేదు, వద్దనీ అనలేదు. ఏడాదిన్నర తర్వాత, 1990 సెప్టెంబరులో, నెక్స్ట్ అనే కంపెనీ చేసిన ఒక కంప్యూటరు కొనుక్కోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. కొన్ని మంచి పనులు అలాంటి అధికారుల వల్లే జరుగుతాయి. ఆర్డరు ఇవ్వరు, అడ్డం పడరు, అడిగిన సామాను కొనిపెడతారు. అలాంటి ప్రిన్సిపాల్ ఒకాయన కింద నేనూ పనిచేశాను.

ఆ నెక్స్ట్ కంప్యూటరు నల్లటి పెట్టె. దాని మీద బర్నర్స్-లీ ఒక తెల్ల చీటీ అంటించాడు. ఇది సర్వరు, ఆపకండి అని ఎర్ర సిరాతో రాసి, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. ఆ చీటీ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఒంట్లో ఏదో అవుతుంది. 1990 డిసెంబరు చివర్లో ప్రపంచంలో ఉన్న వెబ్ మొత్తం ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. రాత్రి ఆఫీసు ఊడ్చేవాళ్ళో, కరెంటు వృథా ఎందుకనుకున్న తోటి ఉద్యోగో స్విచ్ కట్టేస్తే వెబ్ అంతా ఆగిపోయేది. దాన్ని కాపాడింది గోందుతో అంటించిన కాగితం ముక్క.

ఆ పెట్టెలోని మొదటి పేజీలో ఏముందో చాలామందికి తెలియదు. బొమ్మ లేదు, రంగు లేదు. ఈ ప్రాజెక్టు ఏమిటి, ఇందులో పనిచేసేవాళ్ళెవరు, బయట ఇంకా ఏం దొరుకుతాయి, సాఫ్ట్‌వేర్ ఎలా తెచ్చుకోవాలి, మీరు ఎలా సాయం చేయగలరు అన్న వరసలు, ఒక్కోదాని కింద ఒక్కో గీత. తన గురించి తాను చెప్పుకున్న పేజీ. సెర్న్‌లో జనం దాన్ని వాడటం మొదలుపెట్టింది మాత్రం గొప్ప విజ్ఞానం కోసమేమీ కాదు, టెలిఫోన్ డైరెక్టరీ కోసం. అప్పటిదాకా ఒక నంబరు చూసుకోవాలంటే పెద్ద కంప్యూటరులోకి లాగిన్ అవ్వాల్సి వచ్చేది. ఇక్కడ ఆ బాధ లేదు. లైబ్రరీలోకైనా మనుషులు మొదట అడుగుపెట్టేది పేపరు చదవడానికే, తర్వాతే అరల వైపు చూస్తారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఇక వెనక రాత సంగతి. ఒక రాతలోంచి ఇంకోదానికి లంకె, అంటే లింకు, వేసే పద్ధతిని సూచించే హైపర్‌టెక్స్ట్ అన్న మాట వెబ్ కంటే పాతది. 1965లోనే టెడ్ నెల్సన్ ఆ మాట వాడాడు. అతని కలలో లంకె రెండు వైపులా ఉంటుంది. నేను మీ వ్యాసానికి లంకె వేస్తే, నా నుంచి మీ దగ్గరికి ఎవరు వస్తున్నారో మీకూ తెలుస్తుంది. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో వెండీ హాల్ బృందం కట్టిన మైక్రోకాజమ్‌లో లంకెలన్నిటినీ వ్యాసాల్లో కాకుండా విడిగా ఒక ఖాతాలో భద్రపరిచేవారు. అంటే నా కార్డు వెనక రాతే, ఇంకా చక్కగా. అలాంటి పండితులంతా 1991 డిసెంబరులో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో సమావేశమయ్యారు. బర్నర్స్-లీ, అతని సహచరుడు రాబర్ట్ కాయో అక్కడికి ఒక పరిశోధన పత్రం పంపితే తీసుకోలేదు. కావాలంటే ఒక బల్ల మీద పెట్టి చూపించుకోమన్నారు. చూపించారు. ఆ రోజు నేను ఆ హాల్లో ఉండి ఉంటే నేనూ ఆ పండితుల వైపే నిలబడేదాన్ని. లంకె వేసినవాడికి తప్ప అవతలివాడికి దాని ఊసే తెలియదంటే, అదేం ఏర్పాటు అనేదాన్ని.

తెలుగులో లంకె అనగానే నాకు లంకెబిందెలు గుర్తొస్తాయి. మా అమ్మమ్మ కథల్లో భూమిలో పాతిన ధనం ఎప్పుడూ ఒంటరి బిందెలో ఉండేది కాదు. రెండు బిందెలు, మధ్య గొలుసు. ఒకదాన్ని పైకి లాగితే రెండోది తానే వస్తుంది. బర్నర్స్-లీ గొలుసుని ఒక్క బిందెకే కట్టాడు. రెండో కొస అవతలి బిందె మీద ఊరికే ఆనించి వదిలేశాడు.

ఎందుకలా చేశాడు? దీనికి జవాబు నేను మా లైబ్రరీ లెక్కలోనే వెతుక్కున్నాను. మా దగ్గర 48 వేల పుస్తకాలు. పుస్తకానికి ఐదు కార్డులంటే దాదాపు రెండున్నర లక్షల కార్డులు. వాటి వెనక రాతలు సరిగ్గా ఉండాలంటే నేనూ, ఇద్దరు అసిస్టెంట్లూ రోజంతా అదే పని. పైగా ఆ పని జరిగింది సొరుగులన్నీ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి, తాళంచెవి నా దగ్గర ఉంది కాబట్టి. రెండు కొసలూ కట్టాలంటే మధ్యలో ఒక ఖాతా ఉండాలి. ఖాతా ఉంటే గుమాస్తా ఉంటాడు. గుమాస్తా ఉంటే అతని అనుమతి ఉంటుంది, పని వేళలుంటాయి, రుసుము ఉంటుంది, నీ పేజీ మా లెక్కలోకి రాదు పొమ్మనే అధికారం ఉంటుంది. బర్నర్స్-లీ ఆ గుమాస్తానే లేకుండా చేశాడు. ఎవరైనా ఎవరికైనా అడక్కుండా లంకె వేయవచ్చు. తెగితే తెగుతుంది. తెగినప్పుడు చెప్పడానికి ఒక అంకె ఉంటే చాలు.

ఆ అంకె గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. సెర్న్‌లో 404 అనే గదిలో ఫైళ్ళుండేవని, అందుకే ఆ నంబరు వచ్చిందని. అలాంటిదేమీ లేదని కాయో కొట్టిపారేశాడు. నాలుగుతో మొదలయ్యే అంకెలన్నీ అడిగినవాడి వైపు పొరపాటు అని చెప్పేవి. ఇది మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. పుస్తకం పోతే పాఠకుడిది పొరపాటు ఎలా అవుతుంది?

ఆ ఒక్క కొస గొలుసుతో వెబ్ ఎంత వేగంగా పాకిందో చూడండి. మొదట్లో ప్రపంచంలోని సర్వర్ల పట్టికని సెర్న్‌లో చేత్తో రాసి ఉంచేవారు. కొత్తది వస్తే ఒక వరస చేర్చేవారు. కొత్త పుస్తకాలకి వరస నంబర్లిచ్చే మా అక్సెషన్ రిజిస్టరులాగే. 1993 చివరికి 500 దాటాయి. 1994 చివరికి 10,000. ఆ వేగానికి ఏ గుమాస్తా తట్టుకోగలడు?

అదే సమయంలో దానికి పోటీగా గోఫర్ అని ఇంకోటి ఉండేది. 1991లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. పట్టికలోంచి పట్టికలోకి, అందులోంచి ఇంకో పట్టికలోకి దిగుతూ పోవడమే దాని పద్ధతి. నా బుర్రకి వెబ్ కంటే అదే దగ్గర. అచ్చం వర్గీకరణ సంఖ్యలాగా ఉంటుంది. కొన్నాళ్ళు అదే ముందుంది కూడా. 1993లో ఆ విశ్వవిద్యాలయం దాని సర్వర్ వాడేవాళ్ళలో కొందరి దగ్గర రుసుము తీసుకుంటామంది. జనం మనసు విరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌కి సంబంధించిన తన సాఫ్ట్‌వేర్ మీద హక్కులు వదులుకుంటున్నామని, ఎవరైనా వాడుకోవచ్చని కాగితం మీద సంతకాలు పెట్టించి ఇచ్చింది. చరిత్రని తిప్పిన కాగితాలు చాలావరకు యుద్ధాలవో ఒప్పందాలవో అయి ఉంటాయి. ఈ కాగితం కేవలం తీసుకోండి అంటుంది. అది నాకు లైబ్రరీల కాగితంలాగే కనిపిస్తుంది.

లైబ్రేరియన్‌గా నేను గర్వంగా చెప్పుకునే ముచ్చట ఇంకొకటుంది. ఐరోపా దాటి అమెరికాలో వెలిసిన మొదటి వెబ్ సర్వరు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్లాక్ ప్రయోగశాలది. 1991 సెప్టెంబరులో పాల్ కున్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త సెర్న్‌కి వెళ్ళి ఈ వింత చూసి వచ్చాడు. వచ్చి చూపించింది అక్కడి లైబ్రేరియన్ లూయీజ్ ఆడిస్‌కి. ఆవిడ చేతిలో స్పైర్స్ అనే పెద్ద పట్టిక ఉంది. కణ భౌతికశాస్త్ర పరిశోధన పత్రాల వివరాలు అందులోనే. ప్రపంచంలో ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులకో అది కావాలి. కానీ వాడాలంటే ఆ పెద్ద కంప్యూటరులో ఖాతా ఉండాలి, దాని భాష తెలియాలి. ఆవిడకి విషయం వెంటనే తట్టింది. పట్టుబట్టి పని జరిపించింది. డిసెంబరు 12న స్లాక్ సర్వరు మొదలైంది. స్పైర్స్ కోసమే వెబ్‌లోకి వచ్చిన భౌతిక శాస్త్రజ్ఞులు ఎందరో. తెర మీద నాలుగు నల్ల అక్షరాలు తప్ప ఏమీ కనపడని రోజుల్లో, దాని విలువ ఏమిటో కనిపెట్టినవాళ్ళలో ఒక లైబ్రేరియన్ ఉంది. పాఠకుడు తలుపు దాకా వచ్చి తిరిగిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కదా!

ఇంకో అమ్మాయి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. నికోలా పెలో. చదువు మధ్యలో సెర్న్‌కి శిక్షణకి వచ్చిన గణితం విద్యార్థిని. బర్నర్స్-లీ రాసిన మొదటి బ్రౌజరు నెక్స్ట్ యంత్రాల్లోనే పనిచేసేది. ఆ ఖరీదైన యంత్రాలు ఎంతమంది దగ్గరుంటాయి? ఆ అమ్మాయి ఎలాంటి మామూలు కంప్యూటరులోనైనా నడిచే బ్రౌజరు రాసింది. అక్షరాలు మాత్రమే, ఒక్కో వరసా. లంకె ఎంచుకోవాలంటే దాని పక్కనున్న అంకె కొట్టాలి. ప్రపంచం వెబ్‌ని మొదట చూసింది దాంట్లోంచే. అయితే ఒక నష్టం జరిగింది. మొదటి బ్రౌజరులో చదవడమే కాదు, అక్కడికక్కడే రాయడం కూడా కుదిరేది. పలక లాంటిది. ఈ రెండోదాంట్లో చదవడం ఒక్కటే మిగిలింది. తర్వాత వచ్చిన మొజాయిక్ లాంటివీ ఆ దారినే పోయాయి. పలక కాస్తా కిటికీ అయిపోయింది. 1998లో నేను చూసినది ఆ కిటికీనే.

అంతా చెప్పి అసలు సంగతి చెప్పకపోతే ఎలా? ఆ మొట్టమొదటి పేజీ, 1990 నాటిది, ఇప్పుడు లేదు. రోజూ దాని మీదే దిద్దుతూ పోయారు తప్ప పాతదాన్ని ఎవరూ దాచలేదు. సెర్న్ దగ్గర మిగిలిన పాత ప్రతి 1992 నాటిది. 2013లో వెబ్‌ని అందరికీ ఇచ్చేసి ఇరవై ఏళ్ళయిన సందర్భంగా దాన్నే తీసి పాత చిరునామాలోనే మళ్ళీ నిలబెట్టారు. ఆ కబురు విని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో పాల్ జోన్స్ తన దగ్గర 1991 నాటి ప్రతి ఉందని బయటపెట్టాడు. బర్నర్స్-లీ అమెరికా వచ్చినప్పుడు ఇచ్చి వెళ్ళినది, జోన్స్ పాత నెక్స్ట్ యంత్రంలో అలాగే ఉండిపోయింది. సమాచారం పోకూడదని మొదలుపెట్టిన పనిలో మొదటి కాగితమే పోయింది. దొరికింది సంస్థ భద్రత వల్ల కాదు, ఒక స్నేహితుడి పాత సామానులో.

అలా పోయినవాటిలో మనవీ ఉన్నాయి. 1999లో అదే విద్యార్థి సాయంతో నేనూ ఒక పేజీ కట్టాను. ఉచితంగా చోటిచ్చే ఒక సంస్థలో. వెబ్‌లో తెలుగు ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టిక అది. పద్యాలు, పాటలు, వంటలు, ఊళ్ళు, పత్రికలు అని ఐదు విభాగాలు, మొత్తం 41 లంకెలు. చాలావరకు అమెరికాలో చదువుకుంటున్న పిల్లలూ, ఉద్యోగాలకని వెళ్ళి అక్కడ స్థిరపడినవాళ్ళూ చేసినవే. ఇక్కడ మనకి 1995 ఆగస్టు 15న గానీ మామూలు జనానికి ఇంటర్నెట్ రాలేదు. అదీ ముందు నాలుగు మహానగరాలకే.

ఆ పేజీల్లో తెలుగు కనిపించాలంటే ఎన్ని తిప్పలో! వెబ్ పుట్టినచోట అవసరమైనవి ఐరోపా అక్షరాలు. దాని భాషకి తెలుసున్నవీ అవే. 1997లో గానీ ప్రపంచ లిపులన్నిటికీ దాంట్లో నియమం ప్రకారం చోటు దొరకలేదు. అందాకా కొందరు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు దానికో పద్ధతి కూడా పెట్టారు. తకి చిన్న అక్షరం, టకి పెద్ద అక్షరం, అలా. ఇంకొందరు పద్యాన్ని బొమ్మగా అతికించారు. మిగతావాళ్ళు తలో ఫాంటూ చేసుకున్నారు. పేజీ తెరవగానే ముందు ఈ ఫాంట్ దించుకోండి అని ఉండేది. లోపల కంప్యూటరు దాచుకున్నది ఐరోపా అక్షరమే, పైన తొడిగిన ముసుగు మాత్రం తెలుగుది. ఎవరి ముసుగు వారిది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే స్థానం ఇచ్చారు. అది మన ఇళ్ళలోని కంప్యూటర్లకి చేరింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంట్ వచ్చినప్పుడు. ఆ పదేళ్ళ సందులో రాసినవన్నీ ముసుగుల్లోనే ఉండిపోయాయి.

నాకు చోటిచ్చిన సంస్థ కొన్నేళ్ళకి మూతపడింది. పాత పేజీలు ఫలానా రోజున తీసేస్తామని వాళ్ళు పంపిన ఉత్తరం నేను వాడటం మానేసిన ఈమెయిల్‌కి వెళ్ళింది. నేను చూసేసరికి అంతా అయిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కేల్ 1996 నుంచి వెబ్ పేజీలకి నకళ్ళు తీయించి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాస్తున్నాడని తెలిసి, అక్కడ వెతికితే నా పేజీ దొరికింది. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం కూర్చుని, ఏటా స్టాక్ వెరిఫికేషన్ చేసినట్టే, నోటుబుక్కులో గీతలు గీసుకుని 41 లంకెలూ ఒక్కొక్కటే నొక్కాను. రెండు బతికి ఉన్నాయి. అందులో ఒకటి 1998లో మొదలైన ఈమాట పత్రిక. ఇంకో 17 పేజీలకి ఆర్కైవ్‌లో నకళ్ళున్నాయి. మిగతా 22 ఎదుట మిస్సింగ్ అని రాసుకున్నాను. ఎన్ని వేల పుస్తకాల ఎదుట రాసిన మాటో అది. ఈసారి రాస్తుంటే చెయ్యి ఆగింది.

దొరికిన 17లో ఒకటి, అమెరికాలో ఉండే ఒకావిడ రాసిన వంటల పేజీ. ఆవిడ పేరు పేజీలో ఎక్కడా లేదు. పైన ఇంగ్లీషులో గుమ్మడి వడియాలు అన్న శీర్షిక, దాని కింద తోకలూ చుక్కలూ ఉన్న ఐరోపా అక్షరాల గుట్ట. ఆవిడ వాడిన ఫాంట్ ఇప్పుడు ఎక్కడా దొరకలేదు. వెన్న నాగార్జున గారు చేసిన పద్మ అనే ఉపకరణం పాత ఫాంట్లెన్నిటినో యూనికోడ్‌లోకి మారుస్తుంది. కానీ ఆవిడ ఫాంట్ అందులో లేదు. బైట్లున్నాయి, అక్షరాలు లేవు. పుస్తకం అరలోనే ఉంది, తెరిస్తే కాగితాలు అతుక్కుపోయాయి.

పెన్సిల్ తీసుకున్నాను. శీర్షిక తెలుసు కాబట్టి వడియాలు అన్న మాట చాలాసార్లు వచ్చి ఉండాలి. మళ్ళీ మళ్ళీ వచ్చే గుంపు ఒకటి దొరికింది. మీద రెండు చుక్కలున్న O అక్షరం డి అని తేలింది. దాన్ని పట్టుకుని గుమ్మడిలో డి, అక్కణ్ణించి మ్మ, మినప్పప్పులో ప్ప. ఉప్పుకి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. బూడిద గుమ్మడికాయ ముక్కల్లో ఉప్పు కలిపి, రాత్రంతా బట్టలో మూటగట్టి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టాలట. పొద్దున్నే మినప్పిండిలో కలిపి, పాత నూలు చీర మీద పెట్టాలట. అక్కడి ఇంటికి డాబా లేదు కాబట్టి ఆవిడ కారు డిక్కీ మీద చీర పరిచిందట. వాళ్ళ అమ్మ ఫోన్లో చెప్పిన చివరి చిట్కా ఒకటి ప్రత్యేకంగా రాసుకుంది. ఎండిన వడియాలు గోటితో గీరొద్దు, విరుగుతాయి. చీర తిరగేసి వెనక వైపు నీళ్ళు చిలకరించు, వాటంతటవే ఊడొస్తాయి.

దాన్నంతా యూనికోడ్‌లో టైపు చేసి, ఎక్కడ దొరికిందో, ఏ తేదీ నకలో, ఎవరి లంకె వల్ల దొరికిందో కింద రాసిపెట్టాను. కార్డు వెనక రాసినట్టే. మిగతా పదహారూ ఒక్కొక్కటే చేస్తున్నాను. మూడు అయ్యాయి.

ఈమధ్య ఆ విద్యార్థి మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది, ఇంటర్నెట్ సెంటర్ ఎప్పుడో ఎత్తేశాడు. సెర్న్ వాళ్ళు మళ్ళీ నిలబెట్టిన పేజీ తెరిచి, దాని లోపలి రాత ఎలా చూడాలో చూపించాడు. పైనే ఒక చిన్న వరస ఉంది. నెక్స్ట్ ఐడి, 55. ఇదేమిటి అని అడిగాను.

"వాళ్ళ ఎడిటరు లంకెలకి వరసగా నంబర్లు ఇచ్చుకునేది మేడం. తర్వాత ఇవ్వాల్సిన నంబరు మర్చిపోకుండా అక్కడ రాసుకుంది."

అక్సెషన్ రిజిస్టరులో మేమూ అలాగే చేసేవాళ్ళం. రోజు పని ముగిశాక, రేపు వచ్చే పుస్తకానికి ఇవ్వాల్సిన నంబరు చివరి వరస కింద పెన్సిల్‌తో రాసి ఉంచేవాళ్ళం. నేను రిటైరయిన సాయంత్రం రాసి వచ్చింది 48,217.